‘ఖాళీ లేదు’ అనే ముందు: అమెరికా అద్దె ఇళ్లు, సమాన గృహ హక్కు

1978లో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్ పక్కన ఓ అపార్ట్‌మెంట్ల కంపెనీని ఇద్దరు మనుషులు విడివిడిగా వెళ్లి ఇల్లు అడిగారు. మొదటి మనిషి నల్లజాతి మహిళ. మార్చి నుంచి జూలై లోపల నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ ఖాళీలు లేవన్నారు. రెండో మనిషి తెల్లవాడు. అతను అడిగితే ఖాళీలున్నాయన్నారు. నిజానికి ఇద్దరికీ ఇల్లు అక్కర్లేదు. ఆ ఊళ్లో గృహ హక్కుల కోసం పనిచేసే ఓ సంస్థ పంపితే వెళ్లిన పరీక్షకులు వాళ్లు. ఇల్లే అవసరం లేని మనిషికి అన్యాయం జరిగిందని ఎలా అంటారని కంపెనీ వాదించింది. 1982లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది: ఖాళీ ఉందో లేదో నిజం చెప్పించుకోవడం చట్టం ఇచ్చిన హక్కు, అబద్ధం చెప్పించుకున్న మనిషి దావా వేయవచ్చు. తెల్ల పరీక్షకుడికి మాత్రం నిజమే చెప్పారు కాబట్టి, అదే కారణం మీద దావా వేసే అర్హత అతనికి లేదంది. హేవెన్స్ రియాల్టీ కేసుగా పేరుపడ్డ ఈ తీర్పు మీదే అమెరికాలో అద్దె ఇళ్ల తనిఖీ ఇప్పటికీ నడుస్తోంది.

ఆ హక్కుకు మూలం 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ యాక్ట్. పౌర హక్కుల చట్టంలో ఎనిమిదో అధ్యాయంగా వచ్చింది. ఇల్లు ఎవరికివ్వాలో ఈ చట్టం చెప్పదు, ఏ కారణం చూపి కాదనకూడదో చెబుతుంది. అద్దెకు మూడింతల జీతం ఉండాలనో, క్రెడిట్ స్కోరు ఇంత ఉండాలనో, పాత ఓనరు మంచిమాట చెప్పాలనో షరతు పెట్టుకునే స్వేచ్ఛ యజమానికి ఉంది. ఆ షరతు వచ్చిన ప్రతి మనిషికీ ఒకేలా ఉండాలి, అంతే. ఇంత సూటి నియమం చుట్టూ అర్ధ శతాబ్దంగా వేల కేసులు పేరుకున్నాయంటే, చిక్కంతా ఓనరు నోటి మాటలోనూ, మర్యాదగా చెప్పే సాకులోనూ ఉంది.

చట్టం రావడానికి ముందు

అంతర్యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1866లోనే, ఆస్తి కొనడంలో, అమ్మడంలో, అద్దెకు తీసుకోవడంలో తెల్లవాళ్లకున్న హక్కే పౌరులందరికీ ఉంటుందని అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. అది నూరేళ్లు కాగితం మీదే నిద్రపోయింది. ఈలోగా వీధులకు వీధులే దస్తావేజుల్లో నిబంధన రాసుకున్నాయి: ఫలానా జాతివాళ్లకు ఈ ఇల్లు అమ్మరాదు, వాళ్లను ఉండనివ్వరాదు. 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి నిబంధనలను కోర్టులు అమలు చేయరాదంది కానీ, రాసుకోవడాన్ని ఆపలేకపోయింది. 1930లలో ప్రభుత్వ సంస్థే నగరాల పటాలు గీసి, నల్లవాళ్లుండే పేటలకు ఎర్రరంగు పూసింది. అప్పివ్వడానికి పనికిరాని చోట్లని దానర్థం.

ఈ కథలో భారతీయులూ ఉన్నారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగిన వైష్ణోదాస్ బగాయి, కళా బగాయి దంపతులు బర్క్‌లీలో ఇల్లు కొనుక్కుని, సామాను బండితో చేరుకునేసరికి ఇరుగుపొరుగువారు ఆ ఇంటికి తాళాలు బిగించేశారు. పిల్లలను ఏం చేస్తారోనన్న భయంతో కళ ఆ ఊళ్లో ఉండనంది. దంపతులు వెనుదిరిగారు. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తేల్చాక బగాయి పౌరసత్వమూ పోయింది. 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. అదే బర్క్‌లీ నడిబొడ్డున ఇప్పుడు ఒక వీధికి కళా బగాయి పేరుంది.

1966లో మార్టిన్ లూథర్ కింగ్ షికాగోలోని ఓ పేదపేటలో ఫ్లాటు అద్దెకు తీసుకుని, పౌర హక్కుల ఉద్యమాన్ని ఉత్తరాదికి తెచ్చాడు. అక్కడి మార్క్వెట్ పార్కు దగ్గర ఊరేగింపులో ఆయన తలకు రాయి తగిలింది. కాంగ్రెస్‌లో మాత్రం బిల్లు ఏళ్ల తరబడి కదల్లేదు. సెనేట్‌లో దాన్ని భుజాన వేసుకున్న ఇద్దరిలో వాల్టర్ మాండేల్ మిన్నెసోటా తెల్లవాడు, ఎడ్వర్డ్ బ్రూక్ మసాచుసెట్స్ నుంచి గెలిచిన నల్లజాతి సెనేటర్. రెండో ప్రపంచయుద్ధంలో పోరాడి వచ్చిన తనకే నచ్చిన చోట ఇల్లు దొరకలేదని బ్రూక్ సభలో చెప్పాడు. 1968 మార్చిలో సెనేట్ ఒప్పుకుంది. ప్రతినిధుల సభలో నాన్చుతుండగా ఏప్రిల్ 4న కింగ్ హత్య జరిగింది. నగరాలు తగలబడుతుండగా 10న సభ ఆమోదించింది, 11న అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టాడు. ఆ జూన్‌లో సుప్రీంకోర్టు 1866 నాటి చట్టాన్నీ నిద్రలేపి, అది ప్రైవేటు వ్యక్తులకూ వర్తిస్తుందని చెప్పింది.

అయితే తొలి ఇరవై ఏళ్లూ ఈ చట్టానికి కోరల్లేవు. గృహ, పట్టణాభివృద్ధి శాఖ, అక్కడివాళ్లు ముద్దుగా ‘హడ్’ అనేది, ఇరువర్గాలనూ కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నించడం తప్ప ఏమీ చేయలేకపోయేది. 1988 సవరణ వచ్చాకే దానికి విచారణ, జరిమానా అధికారాలు దక్కాయి.

ఏడు కారణాలు

మొదట చట్టంలో ఉన్నవి నాలుగు: జాతి, రంగు, మతం, జాతీయ మూలం. 1974లో లింగం చేరింది. 1988 సవరణతో వైకల్యం, కుటుంబ స్థితి చేరి ఏడయ్యాయి. ఈ ఏడింటిలో దేన్నిబట్టి ఇల్లు కాదన్నా, అద్దె ఎక్కువ చెప్పినా, డిపాజిట్ పెంచినా, మరమ్మతు ఆలస్యం చేసినా, ఖాళీ ఉండీ లేదన్నా తప్పే.

జాబితాలో లేనివీ చూడాలి. పెళ్లికాలేదన్న కారణం ఫెడరల్ చట్టంలో లేదు. హైదరాబాద్ టులెట్ బోర్డుల మీద కనిపించే ‘బ్యాచిలర్లకు ఇవ్వబడదు’ అన్నది అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో నడుస్తుంది, కాలిఫోర్నియాలో నడవదు. ‘ఫ్యామిలీలకే’ అనడమూ అంతే. ప్రభుత్వం అద్దెలో కొంత భరించే సెక్షన్ 8 వోచరు ఉన్నవాళ్లను కాదనడం ఫెడరల్ చట్టం కింద నేరుగా నిషిద్ధం కాదు. న్యూజెర్సీలో నిషిద్ధం. టెక్సాస్‌లో అయితే నగరాలు అలాంటి నిషేధం పెట్టుకోకుండా రాష్ట్రమే 2015లో అడ్డుకట్ట వేసింది. టెక్సాస్‌లోని డాలస్‌లో ఓ ఇల్లు, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఓ ఇల్లు పెట్టుబడికి కొన్న తెలుగు ఇంజినీరు రెండు వేర్వేరు నియమాల కింద ఓనరన్నమాట.

స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్లు ‘లింగం’ అన్న మాట కిందికి వస్తారా అన్నది ఇంకా కుదురుకోని విషయం. 2020లో ఉద్యోగాల విషయంలో సుప్రీంకోర్టు వస్తారంది. దాన్నిబట్టి 2021లో హడ్ ఇళ్లకూ అన్వయిస్తానంది. ప్రభుత్వం మారితే ఈ వైఖరి మారుతుంది. రాష్ట్ర చట్టాల్లో స్పష్టంగా రాసి ఉన్నచోట మాత్రం ఆ గొడవ లేదు.

మిసెస్ మర్ఫీ గారి వాటా

1960లలో పౌర హక్కుల చర్చల్లో ఓ ఊహా పాత్ర పుట్టింది. మిసెస్ మర్ఫీ అనే వితంతువు తన ఇంట్లోనే రెండు గదులు అద్దెకిచ్చుకుని బతుకుతోంది, ఆమె గడపలోకీ చట్టం జొరబడాలా అన్నది ప్రశ్న. జవాబుగా మినహాయింపు పుట్టింది. నాలుగు వాటాలకు మించని భవనంలో ఒక వాటాలో యజమాని స్వయంగా ఉంటుంటే ఫెడరల్ చట్టంలోని చాలా నిషేధాలు ఆయనకు వర్తించవు. మూడుకు మించి ఇళ్లు లేని వ్యక్తి, బ్రోకరు లేకుండా, తనే సొంతంగా అద్దెకిచ్చే విడి ఇంటికీ ఇలాంటి వెసులుబాటే ఉంది.

ఈ వెసులుబాటును నమ్ముకుని బోర్లాపడేవాళ్లు చాలామంది. దీనికి మూడు కంతలున్నాయి. జాతి విషయంలో 1866 చట్టానికి ఏ మినహాయింపూ లేదు. ఆ చట్టంలో జాతి అంటే పూర్వీకుల మూలాలు కూడా అని 1987లో సుప్రీంకోర్టు వివరించింది కాబట్టి, భారతీయుడని కాదన్నా, భారతీయుడు కాదని కాదన్నా ఇబ్బందే. రెండోది రాష్ట్ర చట్టం. న్యూజెర్సీలో మర్ఫీ గారి వెసులుబాటు రెండు వాటాల ఇంటితో ఆగిపోతుంది. మూడోది అన్నిటికన్నా ప్రమాదకరమైంది: ప్రకటన.

రాసిన మాట

ఇల్లు కాదనే స్వేచ్ఛ ఉన్న మర్ఫీ గారికి సైతం, ఎవరు కావాలో ఎవరు వద్దో ప్రకటించే స్వేచ్ఛ లేదు. పత్రికా ప్రకటన, గేటుకు తగిలించిన బోర్డు, వెబ్‌సైటు, వాట్సాప్ సందేశం, చివరికి ఫోన్లో నోటితో చెప్పిన మాట, అన్నీ ఈ నిషేధం కిందికి వస్తాయి. ‘ఇండియన్ ఫ్యామిలీకి ప్రాధాన్యం’ అని తెలుగువాళ్ల గ్రూపులో పెట్టే ఒక్క లైను, ఇల్లు చివరికి ఎవరికిచ్చినా సరే, అప్పటికే ఉల్లంఘన. పెట్టినాయన దాన్ని వివక్ష అనుకోడు. మనవాళ్లయితే ఇల్లు శుభ్రంగా ఉంచుతారని, పండక్కి పిలుచుకోవచ్చని అనుకుంటాడు. చట్టానికి ఆయన మనసుతో పనిలేదు, చదివిన మామూలు మనిషికి ఏమనిపిస్తుందో అదే కొలమానం.

అద్దె వ్యాపారంలో ఉన్నవాళ్లు చెప్పుకునే సూత్రం ఒకటుంది: ఇంటిని వర్ణించు, మనిషిని వర్ణించకు. ‘మూడు బెడ్‌రూములు, పక్కనే బడి, పెరట్లో కంచె’ అని రాయొచ్చు. ‘చిన్న కుటుంబానికి అనువైనది’ అని రాస్తే పిల్లలు ఎక్కువున్నవాళ్లను పొమ్మన్నట్టు. ‘గుడికి దగ్గర’ అన్నది దారి గుర్తుగా చెల్లుతుంది, ‘హిందువులకు అనుకూలం’ అన్నది చెల్లదు.

‘వెజిటేరియన్లకే’ అనే షరతు మరీ జారుడు నేల. తిండి అలవాటు ఏడు కారణాల్లో లేదు. కానీ ఆ షరతు మతానికో జాతీయ మూలానికో ముసుగని అవతలివారు చూపగలిగితే ముసుగు నిలవదు. వాసన సాకు కూడా అంతే. ఇంగ్లండ్‌లోని కెంట్‌లో వందలాది ఇళ్లున్న ఓ యజమాని, కూర వాసన వదలదంటూ భారత, పాకిస్తాన్ మూలాలవాళ్లకు ఇళ్లివ్వొద్దని ఏజెంటుకు రాశాడు. 2017లో అక్కడి కోర్టు అది సమానత్వ చట్టానికి విరుద్ధమని నిషేధాజ్ఞ ఇచ్చింది. ఘాటు మసాలా వాడేవాళ్లను కాదనే ఆయన, ఉప్పుచేప వేయించేవాళ్లను కాదనే మనాయన ఒకే సాకు వాడుతున్నారు.

రూమ్‌మేట్ల సంగతి వేరు. ‘తెలుగు అమ్మాయి, రూమ్‌మేట్ కావాలి’ అని విద్యార్థినులు పెట్టుకునే ప్రకటన ఎలా చెల్లుతుందని అడగొచ్చు. రూమ్‌మేట్ డాట్ కామ్ అనే వెబ్‌సైటు మీద ఏళ్లపాటు సాగిన కేసులో, ఒకే వంటిల్లు, ఒకే బాత్రూము పంచుకునే మనిషిని ఎంచుకోవడం ఇంటి లోపలి వ్యక్తిగత వ్యవహారమని, ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ అక్కడిదాకా రాదని 2012లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు తేల్చింది. అదే అమ్మాయిల ఓనరు మొత్తం ఇంటిని అద్దెకిస్తూ అలా రాస్తే తప్పే.

పిల్లలున్నారా?

కుటుంబ స్థితి అంటే, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు ఇంట్లో ఉండటం. గర్భిణులకూ వర్తిస్తుంది. 1988కి ముందు ‘పెద్దలకు మాత్రమే’ అని రాసుకున్న అపార్ట్‌మెంట్లు దేశమంతా ఉండేవి. 1989 మార్చి నుంచి అవి ఆ రాతలు చెరుపుకోవాల్సి వచ్చింది. వృద్ధుల కాలనీలకు మినహాయింపుంది. అందరూ అరవై రెండు దాటినవాళ్లయినా ఉండాలి, లేదంటే నూటికి ఎనభై ఇళ్లలో కనీసం ఒక్కరైనా యాభై అయిదు నిండినవాళ్లుండాలి.

ఇక్కడ ఉల్లంఘనలు ఎక్కువగా దయ రూపంలో జరుగుతాయి. ‘మీకు చంటిపాప ఉంది కదా, మూడో అంతస్తు బాల్కనీ ప్రమాదం, కింద ఖాళీ అయ్యాక చెబుతా’ అన్నది ఎంతో పెద్దమనిషి మాటలా వినిపిస్తుంది. ఆ ఎంపిక తల్లిదండ్రులది, ఓనరుది కాదు. ఈతకొలనుకు పిల్లలు సాయంత్రం ఆరు దాటాక రాకూడదని బోర్డు పెట్టినా, ఆటస్థలం లేని బ్లాకుకే కుటుంబాలను సర్దినా ఇదే లెక్క.

ఎంతమంది ఉండొచ్చన్న ప్రశ్న తెలుగు కుటుంబాల్లో తరచూ వస్తుంది, ముఖ్యంగా కోడలి కాన్పుకు ఊరి నుంచి అమ్మానాన్నలు ఆరునెలల వీసా మీద వచ్చినప్పుడు. పడకగదికి ఇద్దరు అన్నది సాధారణంగా సమంజసమేనని హడ్ అధికారి ఒకరు 1991లో రాసిన మెమో చెబుతుంది. 1998లో హడ్ దాన్నే తన విధానంగా ప్రకటించింది. అది గీటురాయి కాదు. గది ఎంత పెద్దది, పిల్లల వయసెంత, ఇంట్లో వేరే గది ఉందా, స్థానిక నియమం ఏమిటి అన్నవన్నీ చూడాలని అదే మెమోలో ఉంది. ఒక బెడ్‌రూము ఇంట్లో ఉన్న జంటకు పాప పుట్టగానే ఖాళీ చేయమంటే ఓనరు ఈ మెమో చూపించి బయటపడటం కష్టం. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ఎన్నాళ్లుండొచ్చో లీజులో రాసుకోవచ్చు, అందరు అద్దెదారులకూ ఒకేలా.

గోడలో బలం, గోడ మీద పిడి

ఫిర్యాదుల్లో సగానికి పైగా వైకల్యం గురించినవే. మిగతా ఆరు విషయాల్లో ఓనరు అందరినీ ఒకేలా చూస్తే చాలు. ఇక్కడ మాత్రం వేరుగా చూడాలని చట్టమే అడుగుతుంది.

ఇందులో రెండు దారులు. ఒకటి నియమాన్ని సడలించడం. పార్కింగ్‌లో ముందొచ్చినవాళ్లకే చోటు అన్నది నియమమైతే, నడవలేని మనిషికి గుమ్మం దగ్గర ఒక చోటు కేటాయించాలి. అద్దె చెక్కు ఆఫీసుకే వచ్చి ఇవ్వాలన్నది నియమమైతే, మానసిక వ్యాధి వల్ల గడప దాటలేని మనిషి పోస్టులో పంపితే తీసుకోవాలి. జంతువులు కూడదన్నది నియమమైతే, అంధుడి కుక్కకు అది వర్తించదు. దానికి పెంపుడు జంతువు డిపాజిట్ అడగకూడదు, తివాచీ పాడుచేస్తే ఆ ఖర్చు వసూలు చేసుకోవచ్చు. ‘అసలు మీ జబ్బేమిటి’ అని మాత్రం అడగరాదు.

రెండోది ఇంట్లో మార్పు. ప్రైవేటు ఇళ్లలో దీని ఖర్చు సాధారణంగా అద్దెదారుదే, ఓనరు అడ్డుచెప్పకూడదు, అంతే. ఖాళీ చేసేటప్పుడు ఎంతవరకు యథాస్థితికి తేవాలో హడ్ నిబంధనల్లో ముచ్చటగా ఉంటుంది. బాత్రూములో పట్టుకునే ఇనుప పిడి బిగించడానికి గోడ లోపల చెక్కదిమ్మలు పెట్టి బలపరిచారనుకోండి. పోయేటప్పుడు పిడి తీసేయమని ఓనరు అడగవచ్చు, గోడలోని దిమ్మలు పీకమని అడగలేడు. ఎవరికీ అడ్డం కావు, రేపు వచ్చేవాళ్లకు పనికొస్తాయి. చక్రాల కుర్చీ కోసం వెడల్పు చేసిన ద్వారబంధాన్ని మళ్లీ ఇరుకు చేయమనడమూ అంతే. 1991 మార్చి 13 తరవాత మొదటిసారి జనం చేరిన, నాలుగు వాటాలకు తగ్గని భవనాల్లోనైతే ఆ వెడల్పు, గోడలో ఆ బలం కట్టేటప్పుడే ఉండి తీరాలి.

గుమ్మానికి ఏం కట్టుకోవచ్చు

షికాగోలోని ఓ బహుళ అంతస్తుల భవనంలో నడవా గోడలకు, తలుపుల బయటి వైపు ఏ వస్తువూ ఉండకూడదని ఆ భవనం ఓనర్ల సంఘం 2001లో నియమం పెట్టుకుంది. 2004లో నడవాకు రంగులు వేయించాక ఆ నియమాన్ని గట్టిగా పట్టుకుని, ఓ యూదు కుటుంబం ద్వారబంధానికి బిగించుకున్న మెజూజాను పదేపదే పీకేసింది. మెజూజా అంటే మత గ్రంథ వాక్యాలు చుట్టిపెట్టిన చిన్న గొట్టం, గుమ్మానికి ఉండి తీరాలని వాళ్ల నమ్మకం. ఆ ఇంట్లో చావు జరిగి, కుటుంబం అంత్యక్రియలకు వెళ్లిన రోజునా పీకారు. నియమం అందరికీ ఒకటే కదా అని తొలుత అప్పీలు కోర్టులోని ముగ్గురు జడ్జిల్లో ఎక్కువమంది సంఘాన్నే సమర్థించారు. 2009లో పూర్తి ధర్మాసనం కూర్చుని ఆ తీర్పును తిప్పింది: ఉద్దేశపూర్వకంగా యూదుల మీదే నియమాన్ని ప్రయోగించారా అన్నది జ్యూరీ తేల్చాలంది. ఇల్లు ఇచ్చేశాక కూడా ఓనరుకు, సంఘానికి బాధ్యత తీరిపోదని ఈ కేసు చెప్పింది.

దీన్ని చదివే తెలుగువాళ్లకు మామిడాకుల తోరణం, గుమ్మం ముందు ముగ్గు గుర్తుకు రాకమానవు. క్రిస్మస్ దండ వేలాడనిచ్చిన చోట తోరణాన్ని తీసేయమంటే కేసుకు దారి పడినట్టే. ఏ అలంకారమూ ఎవరికీ ఒప్పుకోని సంఘంలో మాత్రం వాదన అంత సులువు కాదు. అలాంటి నియమాలను కట్టడి చేయడానికే ఇల్లినాయ్ రాష్ట్రం ఆ గొడవ తరవాత విడిగా చట్టం చేసుకుంది.

ఏ బ్లాకులో ఎవరు

కాదనకుండానే వేరుచేయడం మరో పద్ధతి. ‘మీవాళ్లంతా ఆ బ్లాకులో ఉన్నారు, అక్కడైతే మీకు బాగుంటుంది’ అని ఆఫీసులో నవ్వుతూ చెప్పే మాట చట్టం దృష్టిలో దారిమళ్లింపు. న్యూయార్క్‌లో ఫ్రెడ్ ట్రంప్, డొనాల్డ్ ట్రంప్‌ల కంపెనీ మీద 1973లో న్యాయశాఖ వేసిన దావాలోని ఆరోపణలు ఇలాంటివే. బ్రూక్లిన్, క్వీన్స్ తదితర ప్రాంతాల్లో పద్నాలుగు వేల ఫ్లాట్లున్న కంపెనీ అది. నల్లవాళ్ల దరఖాస్తుల మీద గుర్తు వేసేవాళ్లమని కొందరు ఉద్యోగులు పరిశోధకులకు చెప్పారు. కంపెనీ పది కోట్ల డాలర్లకు ఎదురుదావా వేసింది, జడ్జి కొట్టేశాడు. 1975లో తప్పు ఒప్పుకోకుండానే ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఖాళీల జాబితాను అర్బన్ లీగ్ అనే నల్లజాతి సంస్థకు ముందుగా పంపాలన్నది ఆ ఒప్పందంలోని షరతుల్లో ఒకటి.

ఇష్టపడి పిలవడమూ తప్పేనని చూపిన కేసు లాస్ ఏంజెలెస్‌లో నడిచింది. అప్పట్లో ఓ బాస్కెట్‌బాల్ జట్టుకు యజమాని అయిన డొనాల్డ్ స్టెర్లింగ్ కొరియాటౌన్‌లోని తన భవనాల్లో కొరియన్లకే ప్రాధాన్యమిస్తూ, నల్లవాళ్లను, హిస్పానిక్‌లను దూరం పెడుతున్నాడని న్యాయశాఖ దావా వేసింది. భవనాల పేర్లలో ‘కొరియన్’ అన్న మాట వాడొద్దని అంతకుముందే ఇంకో కేసులో కోర్టు ఆయన్ను కట్టడి చేసింది. 2009లో 27 లక్షల డాలర్లకు పైగా కట్టి రాజీపడ్డాడు.

ఉద్దేశం రుజువు కాకపోయినా ఫలితాన్నిబట్టి కేసు వేయవచ్చా అన్నదానికి జవాబు డాలస్ నుంచి వచ్చింది. పన్ను రాయితీతో కట్టే తక్కువ అద్దె ఇళ్లన్నీ నల్లవాళ్ల పేటల్లోకే నెడుతున్నారని ఓ సంస్థ టెక్సాస్ గృహ శాఖ మీద వేసిన దావాలో, వేయవచ్చని 2015లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఒప్పుకుంది.

వీసా కాగితాల సంగతికొస్తే, జాతీయ మూలం వేరు, వలస హోదా వేరు. ఫెడరల్ చట్టంలో రెండోది లేదు. అందరినీ అడిగే ఓనరు హెచ్1బీ కాగితమూ అడగవచ్చు. యాస విని, పేరు చూసి, కొందరినే అడిగితే అది జాతీయ మూలం కిందికి జారుతుంది. కాలిఫోర్నియాలో అయితే ఓనరు అద్దెదారుల వలస హోదా ఆరా తీయడాన్నే రాష్ట్ర చట్టం కూడదంటుంది.

కులం అడ్డొస్తే

ఇంటిపేరేమిటి, ఊరేది, మీవాళ్లెవరు అన్న మూడు ప్రశ్నలతో కులం తేల్చుకునే అలవాటు సముద్రం దాటి వెళ్లింది. ఒక భారతీయ ఓనరు మరో భారతీయ కుటుంబాన్ని కులాన్నిబట్టి కాదంటే, జాతీ ఒకటే, దేశమూ ఒకటే అయినప్పుడు ఏ కారణం కింద కేసు పెట్టాలి? 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర మండలి, సభ్యురాలు క్షమా సావంత్ ప్రతిపాదన మీద, 6–1 ఓట్లతో కులాన్ని తన వివక్ష నిషేధ నియమావళిలో చేర్చింది. ఇళ్లు కూడా అందులో ఉన్నాయి. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. ఆ సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో అనుసరించింది. కాలిఫోర్నియా శాసనసభ రాష్ట్రమంతటికీ బిల్లు చేస్తే, ఉన్న చట్టాల్లోనే ఈ రక్షణ ఉందంటూ గవర్నర్ న్యూసమ్ అక్టోబరులో తిప్పికొట్టాడు. బిల్లుకు అనుకూలంగానూ వ్యతిరేకంగానూ బారులు తీరినవాళ్లలో ఎక్కువమంది భారత మూలాలవాళ్లే.

భారతదేశంలో ప్రైవేటు ఇంటి ఓనరును కట్టడి చేసే ఇలాంటి సమగ్ర చట్టం లేదు. 2005లో జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం పార్సీలకే పరిమితం చేసుకున్న సొసైటీని సుప్రీంకోర్టు సమర్థించింది. కేంద్రం 2021లో రాష్ట్రాల ముందు పెట్టిన నమూనా అద్దె చట్టమూ ఈ ఊసెత్తలేదు. కాకపోతే రెండుచోట్ల ‘ఇల్లు అద్దెకివ్వను’ అనడం నేరుగా నిషేధం: హెచ్ఐవీ ఉన్నవాళ్ల విషయంలో 2017 చట్టం, ట్రాన్స్‌జెండర్ల విషయంలో 2019 చట్టం. ఈ రెండూ తెలుగు రాష్ట్రాల ఓనర్లకూ వర్తిస్తాయి.

ఫిర్యాదు చేస్తే

సంఘటన జరిగిన ఏడాది లోపల హడ్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దీనికి రుసుము లేదు. రెండేళ్ల లోపల నేరుగా ఫెడరల్ కోర్టుకూ వెళ్లవచ్చు. ఏజెంటు చేసిన తప్పుకు ఓనరూ బాధ్యుడే, పక్కింటివాళ్లు ఒప్పుకోరన్నది సాకుగా చెల్లదు. ఫిర్యాదు చేశారని లీజు పొడిగించకపోతే అది విడిగా మరో ఉల్లంఘన. హడ్ జడ్జి వేసే జరిమానా తొలి తప్పుకే 25 వేల డాలర్లు దాటింది. నష్టపరిహారం, అవతలివారి లాయరు ఫీజు దాని మీద. అందుకే జాగ్రత్త తెలిసిన ఓనర్లు వచ్చిన ప్రతి దరఖాస్తు మీదా తేదీ, సమయం వేసి, వరసక్రమంలో చూసి, కాదంటే ఏ లిఖిత షరతు మీద కాదన్నారో రాసి ఫైలులో పెడతారు.

2023లో దేశం మొత్తం మీద 34 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చినట్టు నేషనల్ ఫెయిర్ హౌసింగ్ అలయన్స్ లెక్కగట్టింది. వాటిలో అధిక భాగాన్ని తలకెత్తుకున్నవి లాభాపేక్ష లేని స్థానిక సంస్థలు. వాటికి ఫెడరల్ గ్రాంట్లే ఆధారం. 2025 ఫిబ్రవరిలో అరవైకి పైగా సంస్థల గ్రాంట్లను హడ్ అర్ధంతరంగా రద్దుచేస్తే అవి కోర్టుకెక్కాయి.

ఈలోగా ఓనరు కుర్చీలో యంత్రం కూర్చుంటోంది. ఇళ్ల ప్రకటనలు ఎవరికి కనబడాలో ఫేస్‌బుక్ సాధనాలు జాతిని, లింగాన్నిబట్టి వడపోస్తున్నాయన్న కేసులో 2022లో మెటా కంపెనీ న్యాయశాఖతో రాజీపడి, చట్టం అనుమతించే గరిష్ఠ జరిమానా 1,15,054 డాలర్లు కట్టింది, ఒక ప్రకటనల సాధనాన్ని మూసేసింది. అద్దెదారులకు స్కోరు వేసే సేఫ్‌రెంట్ అనే కంపెనీ మీద అదే ఏడు మసాచుసెట్స్‌లో వోచరు మీద బతికే నల్ల, హిస్పానిక్ అద్దెదారులు దావా వేశారు. పాత అప్పుల చరిత్రకు బరువిస్తూ, అద్దెలో పెద్దభాగం ప్రభుత్వమే కడుతుందన్న సంగతిని స్కోరు లెక్కలోకి తీసుకోలేదన్నది వాళ్ల ఫిర్యాదు. ఇల్లు ఇచ్చేది మేం కాదు, స్కోరు చెప్పి ఊరుకుంటామన్న కంపెనీ వాదన జడ్జి ముందు నిలవలేదు. 2024 నవంబరులో 22.75 లక్షల డాలర్ల రాజీ ఖరారైంది. వోచరు ఉన్న దరఖాస్తుదారులకు అయిదేళ్లపాటు ఆ స్కోరు వేయకూడదని, కావాలంటే ఓనర్లకు వివరాలు మాత్రమే ఇచ్చి నిర్ణయం వాళ్లకే వదిలేయాలని అందులో ఉంది.